పసుపు పిల్లి

మగ్గాలకు సెలవు రోజు. సూరత్‌లోని లింబాయత్‌లో మా గల్లీ పిల్లలకూ, పెద్దలకూ రంగులు వేసుకోమని జంతువుల బొమ్మలు ప్రింట్ తీయించి పంచాను. ఏ రంగు వేయాలని పిల్లలు హిందీలో అడిగితే, బొమ్మ పేరు అడుగుతున్నారనుకొని మా అత్తమ్మ "గిది పిల్లి" అంది. హిందీలో 'పీలీ' అంటే పసుపు కదా, అందరూ పసుపే పూసేశారు! పక్కింటివాళ్లు పకపకా నవ్వారు. అత్తమ్మ పెన్సిల్ కింద పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

బయట తెలుగు మాట్లాడాలంటేనే సిగ్గుపడే నా కూతురు లేచి నిలబడింది. "పిల్లి మత్లబ్ బిల్లీ! మేరీ నానమ్మ సహీ బోలీ. సబ్ బోలో, పిల్లి!" అంది. పిల్లి అంటే హిందీలో బిల్లీ, మా నానమ్మ సరిగ్గానే చెప్పింది, అందరూ అనండి అని.

గల్లీ అంతా "పిల్లి" అని అరిచింది.

నలుగురిలో అత్తమ్మను హిందీలో 'దాదీ' అని పిలిచే నా కూతురు ఆ రోజు 'నానమ్మ' అంది. అత్తమ్మ పెన్సిల్ అందుకుంది. "జర ఇటు తే బిడ్డా, మీసాలు నేను పెడత."