చారలు లేని బాతు

మా పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసేసరికి నేను డ్యూటీలో ఉన్నాను. నిద్రలోనే పోయారట. "ఈ ఏడాదంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడనే లేదమ్మా" అన్నారు ఆంటీ. ఎందుకు మాట్లాడలేదో ఆవిడకు సగమే తెలుసు. మిగతా సగం నా దగ్గరుంది.

దేశం కాని దేశంలో, ఈ క్రాన్‌బర్న్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒక్కటే ఫెన్స్. అంకుల్‌ది కొల్లేరు పక్క ఊరు. బాతుల వేట సీజన్ వచ్చిందంటే ఆయనకు కాలు నిలిచేది కాదు. ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీ ఆయనకంటే వయసులో పెద్దది. సీసం గుళ్లకు చట్టం ఒప్పుకోదు, ఉక్కు గుళ్లకు ఆ పాత గొట్టాలు తట్టుకోవు. అందుకని వెతికి వెతికి, ఉక్కు కంటే మెత్తనైన బిస్మత్ లోహపు తూటాలు తెచ్చుకునేవారు. "కొత్తది కొనుక్కోవచ్చుగా" అని ఆంటీ పోరితే, "ముసలాణ్ణయ్యానని నువ్వు నన్ను మార్చేశావా?" అని నవ్వేవారు. పాత బనియన్ గుడ్డతో ఆయన దాన్ని తుడుస్తుంటే గరాజ్ అంతా నూనె వాసన.

నాకు బాతుల పేర్లు నేర్పి, వేటగాళ్లకు పెట్టే పక్షుల పరీక్ష పాస్ చేయించింది ఆయనే. "పేరు చెప్పలేని పిట్ట మీదికి తుపాకీ ఎత్తకూడదమ్మా" అనేవారు. కళ్లకు శుక్లాలు వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. బైనాక్యులర్స్ నాకు, తుపాకీ ఆయనకు. పిట్టను కాల్చేవాళ్లే పోల్చుకోవాలి, అలా వెళ్లకూడదని ఇద్దరికీ తెలుసు. అయినా వెళ్లాం.

పోయిన సీజన్‌లో ఒక పొద్దున, రెల్లు మీదుగా నల్లగా ఏదో ఎగిరొచ్చింది.

"ఏం పిట్టమ్మా?"

"బ్లాక్ డక్, అంకుల్" అన్నాను. సరిగ్గా చూడలేదు. తొందరపడ్డాను.

ఆయన కాల్చారు. పడినదాన్ని నీళ్లలోంచి తెచ్చి చేతిలో తిప్పి చూశారు. బ్లాక్ డక్‌కి ముఖం మీద చారలుంటాయి. దీనికి లేవు. అది చంపకూడని ఫ్రెకిల్డ్ డక్. మెడ కింద వేలు పెట్టి, దాని తల వాలిపోకుండా పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత తనే తీసుకెళ్లి వేట శాఖ అధికారికి చూపించారు. "మై మిస్టేక్, మేట్" అని, పిట్టను పోల్చుకున్నది కూడా తనేనన్నారు. అప్పుడు నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోంది, కేసులో పేరు పడితే అది ఆగిపోవచ్చు. అది ఆయనకు గుర్తుంది. నాకూ గుర్తుంది, అందుకే నోరు మెదపలేదు.

"ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నారు కారెక్కాక. లైసెన్స్ పోయింది. తుపాకీని డీలర్‌కి అప్పజెప్పేశారు. ఆయన దగ్గర వేట నేర్చుకున్నవాళ్లే ఫోన్లు చేయడం మానేశారు. నేను మాత్రం సిటిజన్‌నయ్యి కేక్ కట్ చేశాను. ఆయన వచ్చి చప్పట్లు కొట్టారు కూడా. ఆ చప్పట్లు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

దినం రోజున ఆంటీ ఆ బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టారు. "కళ్లు కనబడకపోయినా మొండిగా కాల్చారమ్మా. నిన్నొక్క మాట అడిగుంటే బావుండేది. నీ కళ్లంటే ఎంత నమ్మకమో ఆయనకి!"

చెప్పేద్దామనుకున్నాను. కానీ బైనాక్యులర్స్ మెడలో తగిలించుకుని ఇంటికి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆంటీ, ఆ రోజు ఆయన నన్నే అడిగారు.

నిన్న సాయంత్రం మా వీధి చివరి చెరువులో రెండు బాతులు దిగాయి. బైనాక్యులర్స్ ఎత్తి, తొందరపడకుండా చూశాను. ముఖం మీద చారలున్నాయి. బ్లాక్ డకే. పక్కన అడిగేవాళ్లు లేరు.