ట్యాంకర్ రాని రోజులు

ప్రాజెక్టుల నాణ్యత తనిఖీ చేసే ఉద్యోగం నాది. పనిలో కంటే కాగితాల్లోనే నాణ్యత ఎక్కువ వెతుకుతామని మొదటి ఏడాదే అర్థమైంది. అయినా మెడలో కార్డు వేలాడేసుకుని, సైటులో దిగగానే గొంతు మార్చేవాణ్ని.

ఆ వేసవిలో రెండు హాస్టల్ భవనాలు చూశాను. మొదటిది జమ్మికుంట దగ్గర. కొత్తగా పోసిన స్లాబు బలంగా గట్టిపడాలని రోజూ నీళ్లతో తడిపినట్టు రాసే క్యూరింగ్ రిజిస్టర్ అక్కడ ముచ్చటగా ఉంది. అన్ని రోజులకూ ఒకటే పెన్ను, ఒకటే వాలు సంతకం. కూర్చున్న చోటే నింపారని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. కానీ మా ఫారం అడిగేది 'రిజిస్టర్ పూర్తిగా ఉందా?' అని మాత్రమే. టిక్కు పెట్టి, వాళ్లు తెప్పించిన బిర్యానీ తిని వచ్చాను.

మర్నాడు ఇచ్చోడ. అక్కడి సూపర్‌వైజర్ నస్పూర్ మనిషి, నాకంటే పెద్దవాడు. ఆయన రిజిస్టర్ నిండా సిమెంటు మరకలు. మూడు రోజుల ఎదురుగా వంకర అక్షరాలతో 'ట్యాంకర్ రాలే. నీళ్లు పట్టలే' అని రాసి ఉంది. కాంట్రాక్టరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందీ పక్కనే రాసుకున్నాడు. నాకు పండగే. తనిఖీకి వెళ్లి లోపం పట్టుకోకపోతే మా ఆఫీసులో పని చేయనట్టే. ఇక్కడ మూడు లోపాలు ఆయనే రాసి నా చేతిలో పెట్టాడు.

నేను రాసుకుంటుంటే వంగి చూశాడు.

"గిదేంది సార్? నేను రాయకుంటే తప్పు లేకుంటుండెనా?"

"రూల్ అది" అన్నాను, ముఖం చూడకుండా.

"జర నా పేరు రాయకుండ్రి సార్. కొలువు పోతది."

చూద్దామన్నాను. రిపోర్టులో బాధ్యుడి పేరుకు ఒక గడి ఉంటుంది. ఆయన పేరే రాశాను. ట్యాంకర్ పంపనిది కాంట్రాక్టరని చెప్పడానికి గడి లేదు కానీ, కింద బోలెడు ఖాళీ ఉంది. అందులో ఏమీ రాయలేదు.

నెల తర్వాత, లోపాలు సరిదిద్దారో లేదో చూడటానికి మళ్లీ వెళ్లాను. ఆయన్ని తీసేశారు. కొత్త సూపర్‌వైజర్ రిజిస్టర్ అందించాడు. ఒక్క రోజూ తప్పలేదు. అంతకు ముందు వారమే పోసిన పై అంతస్తు స్లాబు ఎక్కితే, బూట్ల కింద ఎండిపోయి కాలుతోంది.

"రోజూ నీళ్లు పడుతున్నారా?"

ఆయన నవ్వాడు. "పాత సారు పోయేటప్పుడు అంత సమజ్ చేసి పోయిండు సార్. ట్యాంకర్ రాకున్నా వచ్చిందనే రాయుమన్నడు. ఉన్నదున్నట్టు రాసి నా లెక్క ఆగం కాకు తమ్మీ అన్నడు."

ఉన్నదున్నట్టు రాసిన మనిషికి దొంగరాతలు నేర్పింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈసారైనా స్లాబు ఎండిపోయిందని రాద్దామనుకున్నాను. రాస్తే బాధ్యుడి గడిలో ఈయన పేరు పడుతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ సాకే. లోపాలన్నీ సరిదిద్దారని రాస్తే నా ఫైలు ఆ రోజే మూసుకుపోతుంది. మూసేశాను. ఆ స్లాబు కింద ఇప్పుడు ఆడపిల్లలు పడుకుంటున్నారు.