‘మంచిది’ అని ఎవరూ నొక్కలేదు

ఆసుపత్రి వరండాలు తుడిచే ఆడవాళ్ళందరూ ఆమెను కంప్యూటరక్క అనేవారు. పెళ్ళయిన ఏడాదే పట్టిన చీపురు, కాంట్రాక్టరు గెంటేసేదాకా ఆమె చేతిలోనే ఉంది. సంఘం పెట్టారన్న కోపంతో అతను ఒక్క కలంపోటుతో అందరినీ తీసేశాడు. పని తిరిగి ఇప్పించమని వాళ్ళు కార్మిక శాఖలో కేసు వేశారు. విచారణ తేదీ ఈమెయిల్లోనే తెలియజేస్తామని శాఖవాళ్ళు అన్నారు. అందుకని టైర్ల దుకాణం మీది గదిలో, ఎవరో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న కంప్యూటరు ముందు ఆమె కూర్చోవలసి వచ్చింది. అందరిలోకీ నాలుగక్షరం ముక్కలు వచ్చింది ఆమెకే మరి.

తెరవగానే లాటరీలు, అప్పిస్తామనేవాళ్ళు, బట్టతల మందులు వరదలా మీద పడేవి. మెయిల్ ప్రోగ్రాంతో పాటు వచ్చిన జల్లెడకు కన్నాలు పెద్దవి. కంప్యూటర్లు బాగుచేసే మేనల్లుడు చూసి, వేరే కంపెనీవాళ్ళ ఫిల్టరు ఒకటి తెచ్చి దానికి తగిలించాడు. ఆ రెండింటిదీ అత్తాకోడళ్ళ కాపురం. ప్రోగ్రాం కొత్త వెర్షన్ వేసుకున్నప్పుడల్లా ఫిల్టరు అలిగి మాయమయ్యేది. అతను వచ్చి, బతిమాలి, మళ్ళీ కూర్చోబెట్టేవాడు. ఎట్టకేలకు రెండూ సర్దుకున్నాక తెర మీద రెండు బటన్లు కనిపించాయి: ‘చెత్త’, ‘మంచిది’.

“దీనికి పుట్టుకతో ఏమీ రాదత్తా. నువ్వు నేర్పిందే నేర్చుకుంటుంది. రెండూ నొక్కుతూ ఉండు,” అన్నాడు మేనల్లుడు. పాత డిస్కు నిండిపోకుండా, కంప్యూటరు కట్టేయగానే చెత్తంతా దానంతటదే చెరిగిపోయేట్టు కూడా పెట్టి వెళ్ళాడు.

కాంట్రాక్టరు మెయిళ్ళు రోజూ వచ్చేవి. కేసు వెనక్కి తీసుకుంటే తొలగింపు గురించి ఆలోచిస్తామనీ, విచారణకు హాజరైతే కార్మికులకే నష్టమనీ. కంప్యూటరక్క పైకి చదివేది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు తిట్టాల్సినవన్నీ తిట్టి, ‘చెత్త’ నొక్కేవారు. “చెత్త ఎత్తడం మనకొకరు నేర్పాలా,” అని ఒకామె అంటే గదంతా నవ్వులు. నొక్కే వంతు కోసం తగువులు కూడా పడేవారు. పని పోయినవాళ్ళకు ఆ కాంట్రాక్టరు మీద చేయి చేసుకునే వీలు అంతకుమించి ఎక్కడుంది? ‘మంచిది’ మాత్రం ఎవరూ నొక్కలేదు. మంచి ఉత్తరం వస్తే చదువుకుంటాం, దానికి మళ్ళీ బటనెందుకని వాళ్ళ లెక్క.

ఫిల్టరు బుద్ధిగా నేర్చుకుంది. కార్మికులు, తొలగింపు, విచారణ, హాజరు. ఈ మాటలున్నదల్లా చెత్త.

ఎదురుచూసి ఎదురుచూసి కంప్యూటరక్క కార్మిక శాఖకు వెళ్ళింది. గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. “విచారణ అయిపోయిందమ్మా. అవతలివాళ్ళు వచ్చారు, మీరు రాలేదు. కేసు కొట్టేశారు.”

మాకు ఉత్తరమే రాలేదని ఆమె గట్టిగా వాదించింది. అతను తెర ఆమెవైపు తిప్పాడు. పంపిన ఉత్తరం ఉంది, అడ్రసూ సరిగ్గానే ఉంది. పంపడం మా పని, చూసుకోవడం మీ పని అన్నాడు.

ఫిల్టరు దాన్ని చెత్తలో వేసిందనీ, అక్కడ చెరిగిపోయిందనీ మేనల్లుడు చెప్పాడు. వెనక్కి తెచ్చే దారి లేదనీ చెప్పాడు. కేసు మళ్ళీ తెరవమని పెట్టుకున్న అర్జీకి జవాబూ మెయిల్లోనే వచ్చింది; కంప్యూటరు కట్టేసేముందు చెత్తలో వెతికితే దొరికింది. కక్షిదారుల యంత్రాలు చేసే పనులకు శాఖ బాధ్యత వహించదట.

ఒకప్పుడు ఇలాంటి కబురు మనిషి తెచ్చేవాడు. తలుపు తట్టి, వేలిముద్ర వేయించుకుని వెళ్ళేవాడు. ఆ మనిషిని ఎందుకు తీసేశారు? కాంట్రాక్టరుకు వకీలున్నాడు, వకీలుకు మెయిళ్ళు చూసే గుమాస్తా ఉన్నాడు. చీపురు పట్టినవాళ్ళను మాత్రం ఫిల్టర్లు అమర్చుకోమంటుంది ప్రభుత్వం. అది సౌకర్యం కాదు, తలుపు వేసేయడం.

కంప్యూటరక్క అందరినీ పిలిచి, దాచకుండా చెప్పింది. తప్పు నాదే అంది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత అనుకుంది. అందరికంటే పెద్దామె మాత్రం, “ఊరుకోవే. నేనూ నొక్కాను కదే, ఈ వేలితోనే,” అంది.

ఒక్కొక్కరే కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇక సంఘం ఊసే ఎత్తబోమని సంతకాలు పెట్టి, నిన్నగాక మొన్న చేరినవాళ్ళ కింద మళ్ళీ చేరారు. కంప్యూటరక్కను గేటు దగ్గరే ఆపేశారు.

ఫిల్టరు తీసేయించింది. ఇప్పుడు అన్నీ లోపలికి వస్తున్నాయి. టైర్ల దుకాణం మీది గదిలో ఒంటరిగా కూర్చుని, లాటరీలనూ బట్టతల మందులనూ ఒక్కొక్కటీ చివరిదాకా చదువుతుంది. శాఖవాళ్ళు మనసు మార్చుకుని రాస్తారేమోనని. రాయరని ఆమెకు తెలుసు. అయినా ఏ ఒక్కటీ చదవకుండా చెరపడానికి చేయి రాదు.