బడంగ్‌పేట్ అవతల రాతి వలయాల కోసం ఒక ఆదివారం

ఈ ప్రయాణం దిల్‌సుఖ్‌నగర్‌లో, మా కోచింగ్ సెంటర్ కింద ఉన్న నెట్ సెంటర్‌లో మొదలైంది. తెలంగాణ ఉద్యమం వల్ల నోటిఫికేషన్లు ఆగిపోయి, బంద్ వచ్చినప్పుడల్లా క్లాసులు రద్దవుతున్న రోజులవి. నేనూ, నా స్నేహితురాలు సౌజన్యా గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాం. ఆమెది గుంటూరు దగ్గర పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. మాది నల్లగొండ జిల్లా. నాన్నకు లారీల దగ్గర పని దొరికినప్పుడు ఎల్బీ నగర్‌కు వచ్చి, అక్కడే రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాం. ఒకరోజు చరిత్ర చెప్పే సారు ఇనుప యుగం నాటి సమాధుల బొమ్మ ఒకటి చూపించారు. చనిపోయినవాళ్ళను పూడ్చి, చుట్టూ పెద్ద పెద్ద గుండ్లను గుండ్రంగా పేర్చేవారట. తెలంగాణలో అవి ఇంకా చాలా చోట్ల ఉన్నాయనీ, ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కూడా కనిపిస్తాయనీ ఆయన అన్నారు. పరీక్షలో రాదని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయారు. మేం మాత్రం అక్కడే ఆగిపోయాం.

మరుసటి బంద్ రోజున నెట్ సెంటర్ సగం షట్టర్ దించి నడుపుతుంటే వంగి లోపలికి దూరి, ఇద్దరం ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. వెతకడం కాసేపట్లోనే ఆటగా మారింది. తెర మీద వలయం కనిపెడితే ఒక పాయింటు. అది సమాధి కాదని ఎదుటివాళ్ళు తేల్చేస్తే ఆ పాయింటు పోతుంది. అక్కడికి వెళ్ళి కళ్ళారా చూస్తే పది. పై నుంచి చూస్తే లోకంలో సగం వస్తువులు గుండ్రంగానే ఉంటాయని అప్పుడే తెలిసింది. సౌజన్యకు గడ్డివాము తీసేశాక మిగిలే మచ్చ తెలుసు. నాకు గొర్రెల దొడ్డీ, కల్లమూ తెలుసు. మా మేనమామలకు గొర్రెలు ఉండేవి. అలా ఒకరి పాయింట్లు ఒకరం కొట్టేసుకుంటూ నవ్వుకునేవాళ్ళం. ప్రింటు తీసుకుని ఇంటికి వెళ్తే మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పరీక్షల గివి గూడ అడుగుతరా?" అంది. ఆమె బడికి పోలేదు. మా ఇంట్లో నా కంటే ముందు ఎవరూ పోలేదు. ఆడపిల్ల ఊరికే తిరుగుతోందంటే ఒప్పుకోరు గానీ చదువు కోసమంటే అన్నం కట్టి మరీ పంపిస్తారు. అడుగుతారనే చెప్పాను.

బతుకమ్మ పండుగకు కొంచెం ముందు బడంగ్‌పేట్ దాటాక ఒక గుట్ట పక్కన వరసగా అయిదు వలయాలు దొరికాయి. పక్కనే పాత బావి. కల్లాలైతే అన్ని ఒకే చోట ఉండవు, దొడ్డి గోడలైతే అంత మందంగా ఉండవు. మేం ఇద్దరం ఒప్పుకున్న మొదటి వలయాలు అవే. పురావస్తు శాఖ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తినాయన ఓపిగ్గా విన్నారు. తెర మీది బొమ్మ చాలదనీ, వెళ్ళి రాళ్ళ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి పంపితే ఎవరినైనా చూడటానికి పంపగలమనీ చెప్పారు. అంటే మేం వెళ్తే వాటికి ఒక రక్షణ బోర్డు పడే వీలుంది. అప్పటి నుంచి అది ఆట కాకుండా పోయింది.

కానీ వెంటనే వెళ్ళలేదు. మొదటి ఆదివారం బస్సులు బాగానే తిరిగాయి. ఇంకో రెండు వలయాలు దొరికితే అన్నీ ఒకే రోజు చూసి రావచ్చని ఆ రోజంతా నెట్ సెంటర్‌లోనే కూర్చున్నాం. తర్వాత సమ్మె మొదలై బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. మళ్ళీ బంద్. మళ్ళీ పండుగ. దీపావళి దాటాక సౌజన్య వాళ్ళ నాన్న ఫోన్ చేసి, గొడవలు సద్దుమణిగే దాకా ఇంటికి వచ్చేయమన్నారు. సోమవారం ఉదయం బస్సుకు టికెట్ కూడా తీసేశారు. అందుకని ఆ ముందు రోజే బయల్దేరాం.

ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి చెబుతాను. సౌజన్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడింటికి సిటీ బస్సెక్కి ఎల్బీ నగర్ చౌరస్తాలో దిగింది. జిల్లాల నుంచి వచ్చే బస్సులన్నీ అక్కడే జనాన్ని దింపుతాయి కాబట్టి పొద్దున్నే తోపులాట ఎక్కువ. అక్కడి నుంచి సాగర్ రింగ్ రోడ్డుకు ఒక షేర్ ఆటో, అక్కడ మారి అల్మాస్‌గూడ మీదుగా బడంగ్‌పేట్‌కు ఇంకొకటి. ఒక్కొక్కరికి పది రూపాయల చొప్పున తీసుకున్నారు. బడంగ్‌పేట్ నుంచి ముందుకు షేర్ ఆటోలు లేవు. మాట్లాడుకుని వెళ్ళాలి. మేం ఎనభై ఇచ్చాం. నీళ్ళు బడంగ్‌పేట్‌లోనే కొనుక్కోండి, ఆ తర్వాత దుకాణాలు లేవు.

ఆ ఆటో ఆయన ప్లాట్లు చూడనీకి పోతున్నరా అని అడిగాడు. కాదు, పాత రాళ్ళు చూడనీకి అన్నాను.

"రాళ్ళకేం కరువక్కా. ఆదివారం గీ దిక్కు ఒచ్చెటోళ్ళంత ప్లాట్ల కోసమే ఒస్తరు. రాళ్ళ కోసం ఒచ్చింది మీరే ఫస్టు" అన్నాడు. కాసేపటికి అద్దంలోకి చూసి, "మీ దోస్తు మాట్లాడదా?" అన్నాడు.

"గొంతు నొప్పన్నా దానికి."

సౌజన్య నన్ను గిల్లింది. ఆమె కొన్ని నెలలుగా ఆటోల్లో, బస్సుల్లో నోరు తెరవడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు. అయినా మాట వింటే ఊరు తెలిసిపోతుందని తనే మానేసింది. కిరాయి అడగడం, దిగాల్సిన చోటు చెప్పడం అన్నీ నేనే చేసేదాన్ని. అది మా మధ్య ఒక అలవాటైపోయింది. ఆ అలవాటు గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తారు రోడ్డు అయిపోయిన చోట దిగి, ప్రింటు చేతిలో పట్టుకుని నడిచాం. అన్నీ కలుస్తున్నాయి. బాట వంపు తిరిగే చోటు కలిసింది. రెండు ఈత చెట్లు కలిశాయి. గుట్ట కలిసింది, బావి కలిసింది. బావి దగ్గర నిలబడి తల ఎత్తితే ఎర్రమట్టి చదును, దాని మీద సున్నం వేసిన చిన్న చిన్న హద్దు రాళ్ళు, వరసలు వరసలుగా. మధ్యలో ఇంకా కంకర పోయని రోడ్లు. దూరంగా రంగు జెండాలతో ఒక కమాను. దారి తప్పామనుకుని గుట్టను చుట్టి మళ్ళీ అదే బావి దగ్గరికి వచ్చాం. సౌజన్య బావి గట్టు మీద ప్రింటు పరిచి, వేలు పెట్టి చూపిస్తూ, "ఇక్కడేనే. మనం నిలబడింది మూడో వలయంలో" అంది.

గుట్ట వార ఒకామె సీతాఫలాలు కోసి గంపలో పేరుస్తోంది. యాభై దాటి ఉంటాయి. పేరు మల్లమ్మ అని తర్వాత చెప్పింది. సౌజన్య నా కంటే ముందే ఆమె దగ్గరికి నడిచింది.

"ఇక్కడ పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా ఉండాలి కదండీ. ఏమైపోయాయి?"

మల్లమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏ ఊరు బిడ్డా మీది?"

సౌజన్య ఒక్క క్షణం నా వైపు చూసి, గుంటూరు అని చెప్పింది.

"గంత దూరంకెళ్ళి గీ రాళ్ళ కోసం ఒచ్చినవా" అంటూ మల్లమ్మ గంప పక్కకు జరిపి మాకు చోటిచ్చింది. రాకాసి గుండ్లు అనేవాళ్ళట వాటిని. చిన్నప్పుడు వాటి మధ్య మేకలు కాసేదట. దసరా వెళ్ళిన తెల్లారి జేసీబీ వచ్చిందనీ, ఒక్క పూటలో అంతా అయిపోయిందనీ, గుండ్లన్నీ ట్రాక్టర్లలో ప్రహరీ గోడ పునాదికి పోయాయనీ చెప్పింది. ఆ చేను వాళ్ళదే. సౌజన్య నెమ్మదిగా, కొన్నవాళ్ళు ఎక్కడివాళ్ళని అడిగింది.

"ఎక్కడోళ్ళేంది, మా తోడికోడలు తమ్ముడే. ఈడి పిల్లగాడే."

ఆ మాటతో సౌజన్య ఊపిరి వదలడం నాకు వినిపించింది.

మీరు సర్కారోళ్ళా అని మల్లమ్మ అడిగింది. కాదు, చదువుకుంటున్నాం, కంప్యూటర్‌లో పై నుంచి తీసిన ఫొటోలో చూశాం అని ప్రింటు ఆమె చేతికిచ్చాను. మొదట ఏమీ అర్థం కాలేదు ఆమెకు. ఇది బావి, ఇది గుట్ట అని చూపించాక తమ మేకల కొట్టాన్ని తనే గుర్తుపట్టింది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"దీన్ల ఇంక మా చేనే ఉంది" అంది. తర్వాత వలయాలు చూపించి, ఇవి ఎన్నటివని అడిగింది. రెండు వేల ఏండ్లకు పైనే అయి ఉంటుందని చెప్పాను. ఇవి సమాధులని కూడా చెప్పాను.

మల్లమ్మ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మిందానికి నాకు బాధ లేదు బిడ్డా. నీళ్ళు లేని చేను, ఏం జేస్తం. గని ఎవ్వరన్న ఒచ్చి గిది గింత పాతది అని ఒక్క మాట చెప్తే, గా మూల ఇడిషిపెట్టి అమ్ముతుంటిమి. మాకెవ్వరు చెప్పలే."

అప్పటికి నెలన్నరగా ఆమె చేను మా తెర మీద ఉంది.

బావి వెనక ముళ్ళ కంపలో ఒక్క గుండు మిగిలి ఉంటే దాని పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీశాం. వచ్చేటప్పుడు మల్లమ్మ కాగితం ఉంచుకోవచ్చా అని అడిగితే ఇచ్చేశాం. ఆమె సీతాఫలాలు ఇచ్చి పైసలు తీసుకోలేదు. తిరుగు ఆటోలో డ్రైవర్ ఎటు పోవాలంటే సౌజన్యే, "ఎల్బీ నగర్ అండి" అని చెప్పింది. మర్నాడు పొద్దున్న ఆమెను బస్సెక్కించాను. ఫొటోలు ఆఫీసుకు పంపితే, చోటు కదిలిన ఒక్క రాయితో ఏమీ నిర్ధారించలేమని మర్యాదగా జవాబు వచ్చింది.

ఇది రాసే ముందు మళ్ళీ నెట్ సెంటర్‌కు వెళ్ళి చూశాను. అయిదు వలయాలూ అక్కడే ఉన్నాయి, పక్కన చేను పచ్చగా ఉంది. కొత్త బొమ్మ ఎక్కించే దాకా అవి అలాగే కనిపిస్తాయి. ఎవరైనా కనిపెట్టి సంతోషిస్తారు కూడా. బంద్‌లను తిట్టుకోవడం సులువు గానీ, ఆ మొదటి ఆదివారం బస్సులు తిరిగాయి. మేం చూసింది రాళ్ళనే. ఆ రాళ్ళున్న నేల ఒకరిదనీ, ఆ మనిషికి మనం చెప్పాల్సింది ఉందనీ తట్టలేదు.

మీరూ ఇలా వెతుకుతుంటే ఒక్క సలహా. తెర అడుగున చిన్న అక్షరాల్లో ఆ బొమ్మ తీసిన తేదీ ఉంటుంది, ముందు అది చూడండి. పాతదైతే ఇంకో వలయం దొరికే దాకా ఆగకండి. స్కేలు, కెమెరా లేకపోయినా ఫర్వాలేదు, ఆ ఊరికి వెళ్ళి ఆ చేను ఎవరిదో కనుక్కుని వాళ్ళకు ఆ ఒక్క మాట చెప్పండి. ఫొటోలు తర్వాతి ఆదివారం తీసుకోవచ్చు.