లోపలి నట్టు

చెనిక్కాయల పొట్టు, అదే వేరుశెనగ పొట్టు, తడిస్తే ఒక వాసన వస్తుంది, మగ్గిన మట్టీ పాత నూనే కొంచెం పులుపూ కలిసినట్టు. నిన్నటి వానకు మా మిల్లు కొట్టంలో ఆ వాసన మళ్ళీ లేచింది. పైకప్పు రేకులు, ఇంజను, తిరిగే డ్రమ్ము ఎప్పుడో పోయాయి. ఆలూరు వైపు పల్లెలన్నీ కాయలు కొట్టించి గింజలు తీయించుకున్న ఆ మిషనులో మిగిలింది సిమెంటు దిమ్మెలో పాతుకుపోయిన ఇనుప పెట్టె ఒక్కటే. రేపు పాత ఇనుము కొనేవాళ్ళు దాన్నీ కోసి తీసుకుపోతారు.

నా చిన్నతనంలో కార్తీకం వచ్చిందంటే కొత్త కాయల బండ్లు మా గడప నుంచి ఊరి చివరి దాకా నిలబడేవి. పెరట్లో ఉడికే పచ్చికాయల ఆవిరి, వంటింట్లో ఊరుబిండి పచ్చడికి వేయించే ఎండుమిరపకాయల ఘాటు, ఇంజను పొగ, అన్నీ కలిసి మా బట్టలకే అంటుకుని ఉండేవి. పిల్లలం పొట్టు గుట్టల్లో నడుములోతు దూకి తుమ్ముకుంటూ బయటికొచ్చేవాళ్ళం. మా నాయన తండ్రి, జేజినాయన, తెల్ల పంచె మీద ఒక్క పొట్టు రేణువు వాలనివ్వకుండా కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. ఆయన ముందు ఎవరూ గొంతు పెంచేవాళ్ళు కాదు.

వారానికోసారి మిషను లోపలి జల్లెడ పొట్టుతో పూడుకుపోయేది. పక్క రేకు విప్పి, జల్లెడ దులిపి, మళ్ళీ బిగించాలి. బయటి నుంచి బోల్టు తిప్పుతుంటే, మర అందుకునేదాకా లోపల నట్టును ఎవరో కదలకుండా పట్టుకోవాలి. నట్టు ఉండే ఆ ఇరుకు సందులో పానా పట్టదు, మగవాళ్ళ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. మా ఇంట్లో అందులో దూరే చెయ్యి జేజిది, జేజినాయన భార్యది, ఒక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం కూలోళ్ళను పంపించి, తలుపు గడియ పెట్టి, ఆయన తానే పానా పట్టేవాడు. ఇంటి ఆడమనిషి మిషను దగ్గర కూర్చుందని బయట తెలియకూడదు. జేజి గాజులు మోచేతి పైకి నెట్టి, వేలి కొనకు తుమ్మబంక రాసుకుని, దానికి నట్టును అతికించుకుని చెయ్యి లోపలికి పోనిచ్చేది. బంక గిన్నె పట్టుకుని నేను పక్కన కూర్చునేదాన్ని.

“పట్టుకున్నావా?”

“పట్టుకోనుండా. బిరీన తిప్పండి. మీ పెద్దరికమంతా నా ఏలి కొన మీదుండాది, జారితే నన్ననొద్దు.”

“నోరు శానా అయింది నీకు,” అని జేజినాయన నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను అక్కడే చూశాను.

ఇంజను బాగుచేసే ఖాసీం మేస్త్రి ఒకసారి రేకు తట్టి చూసి, “ఈ నట్లు చట్రానికే వెల్డింగు కొట్టేస్తా పెద్దాయనా. లోపల పట్టుకునే పనే ఉండదు, ఒక్కరే బిగించుకోవచ్చు,” అన్నాడు.

“అతుకులేసేది తప్పేలాలకప్పా, నా మిషనుకు గాదు. పో.”

ఖాసీం సంచి సర్దుకుని పోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ తరవాతి కార్తీకంలో, రేకు విప్పి పెట్టిన వారంలోనే, జేజి జ్వరంతో పోయింది. కొట్టం నిండా ఊళ్ళవాళ్ళ కాయల మూటలు. దినాలు కాగానే నాయన పుల్లకు బంక రాసి నట్టును లోపలికి పంపాడు. అది జారి పెట్టె అడుగున ఠంగుమని పడింది. మళ్ళీ పంపాడు, మళ్ళీ ఠంగుమంది. నేను గాజులు పైకి నెట్టుకుని ముందుకు వచ్చాను.

“నా చెయ్యి పడతాది జేజినాయనా.”

ఆయన నా వైపు చూడలేదు. “మీ జేజితోనే ఆ పని సరి. లోపలికి పో,” అన్నాడు.

పిలిస్తే ఖాసీం వచ్చేవాడే. జేజినాయన మాట కాదని పిలిచేవాళ్ళు మా ఇంట్లో లేరు. మూటలు ఒక్కొక్కటే బండ్లెక్కి ఆలూరు మిల్లు దారి పట్టాయి. జేజినాయన కుర్చీలో నిటారుగానే కూర్చుని చూశాడు. మిల్లు మళ్ళీ తిరగలేదు. ఆ తరవాత చేను పోయింది, ఇల్లు పోయింది, చివరికి ఈ కొట్టం మిగిలింది. ఆయన తప్పు చేశాడని నేను అనను. మా ఇంట్లో అలాగే బతికాం. ఓర్వకల్లు దారిలో కొత్త మిషను షెడ్ల ముందు, ఖాసీం చెప్పినట్టే నట్లు వెల్డింగు కొట్టిన చట్రాలు దొంతర్లుగా కనిపిస్తే మాత్రం ముఖం తిప్పుకుంటాను.

ఈ పొద్దున ఒంటరిగా ఆ పెట్టె దగ్గర కూర్చుని, గాజులు పైకి నెట్టి, చెయ్యి లోపలికి పెట్టాను. ఎక్కడా ఒరుసుకోకుండా పోయింది. అడుగున తడి పొట్టులో నాయన జారవిడిచిన నట్టు వేళ్ళకు తగిలింది. తుప్పు పట్టిన దాన్ని ఎత్తి బోల్టు రంధ్రానికి ఆనించి పట్టుకున్నాను. వేలు తిమ్మిరెక్కేదాకా అలాగే పట్టుకుని ఉన్నాను. బయట పానా పట్టేవాళ్ళెవరూ లేరు.