మీదే మిషను?

మొన్న ఆదివారం ఏసు గుడి నుంచి వస్తూ, పూర్వం ఎవరు కలిసినా మీది ఏ మిషనని అడిగేవాళ్లని అన్నానో లేదో, మా మనవరాలు "మిషనంటే కుట్టుమిషనా అవ్వా?" అంది. నవ్వొచ్చింది, కాస్త ఒళ్లూ మండింది. ఆ ఒక్క మాట మా ఇంట్లో పదేళ్లు మనశ్శాంతి లేకుండా చేసిందని దానికేం తెలుసు!

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మిషనంటే క్రైస్తవం చెప్పడానికొచ్చిన దొరల సంఘం; ఒక్కో దేశపు దొరలు ఒక్కో ఆరాధన పద్ధతి తెచ్చిపెట్టారు. ఊరి పేరు కంటే ముందు మిషను పేరే అడిగేవాళ్లం. కడపలో మా మిషనువాళ్లం ప్రభువు బల్ల సంస్కారంలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం బెంచీల్లో కూర్చున్నచోటే తీసుకునేవాళ్లం. కర్నూలులో మా మేనత్త మెట్టినింటివాళ్లు మాత్రం ముందుకు పోయి మోకాళ్లూని తీసుకునేవాళ్లు. పెళ్లినాడు అత్త కూడా వాళ్లతోపాటు మోకాళ్లూనిందని, మిషను బడి పంతులైన మా నాయన తోడబుట్టిన అక్కతో మాటలే మానేశాడు. ఎంత పంతమంటే, తర్వాత కర్నూలుకే బదిలీ అయి ఆమె పక్కవీధిలో కాపురం పెట్టినా, అత్త పంపిన బొరుగుల ఉగ్గాణి గిన్నెను గడప దాటనిచ్చేవాడు కాదు. అమ్మ చాటుగా కళ్లు తుడుచుకునేది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే దక్షిణాది క్రైస్తవ సంఘాలు కలిసి ఒక్కటయ్యాయన్నారు గానీ, మా ఊళ్లో అది కాగితాల మీదే ఉండిపోయింది. కర్నూలు రాజధానై, ఆఫీసులు డేరాల్లో వెలిసిన రోజుల్లో గానీ రెండు గుళ్లవాళ్లం ఒకచోట కూడలేదు. దొరల తగాదాలు దొరల దేశానివి, వాటిని మనమెందుకు మోయాలి, కరువులో గంజి పోసినప్పుడు ఎవరినైనా మీదే మిషనని అడిగామా, సంఘం ఒక్కటైంది అందుకే కదా అని ఆరాధన జరిపించే పాదిరి అయ్యగారు ఆరోజు చెప్పింది ఇంకా నా చెవిలో ఉంది.

తీరా బల్ల దగ్గరికొచ్చేసరికి అత్తవాళ్లు పోయి మోకాళ్లూనారు, మేము కదలకుండా కూర్చున్నాం. అయ్యగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయారు. ఈరోజు కూడా కలవకపోతే నాయనా అత్తా ఇక చచ్చేదాకా కలవరనుకున్నాను. అంతలో అత్త లేచి, అందరూ చూస్తుండగా మా బెంచీ వైపు నడిచింది. సరిగ్గా అప్పుడే నాయన తలవంచుకుని అవతలి పక్కనుంచి ముందుకు పోయి, ఆమె ఖాళీ చేసిన చోటే మోకాళ్లూనాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు. అత్త మా బెంచీలో కూర్చుని, తమ్ముడేడీ అని చుట్టూ వెతికి, గుడి అన్న సంగతి కూడా మరిచిపోయి, "నీ కోసరమని నేనీడికొస్తే నువ్వాడికి పోతివేమిరా!" అని గట్టిగా అనేసింది.

గుడంతా ఘొల్లుమని నవ్వింది. నాయన మాత్రం వెనక్కి తిరిగి చూసి ఏడ్చేశాడు. "ఆడనే ఉండక్కా, వస్తాండా" అన్నాడు. పదేళ్ల తర్వాత అక్కతో అన్న మొదటిమాట అది. ఆ మధ్యాహ్నం అత్త ఇంట్లో ఉగ్గాణి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఇప్పుడు మీదే మిషనని ఎవరూ అడగరు. పీడ విరగడైంది, సంతోషమే. కానీ అది అడగడానికైనా పక్కమనిషి వైపు తిరిగేవాళ్లం. మూడేళ్లుగా నా ముందు బెంచీలో కూర్చుంటున్న ఆవిడ పేరు నాకింతవరకు తెలియదు. ఆమె లేచి రాదు, నేనూ లేచి పోను.