నిమిషానికి నలభై మాటలు

టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళని టీచర్లు ఏమంటారో నాకు తెలుసు. "పిల్లలకి చెప్పడం చేతకాక మనకి చెప్పడానికొచ్చింది" అని నా వెనకే అన్నారు, నాకు వినపడేట్టుగానే అన్నారు. పద్నాలుగేళ్ళుగా ఇదే నా ఉద్యోగం. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడని పిల్లలకి ఆ భాష చదవడం, రాయడం ఎలా నేర్పాలో వాళ్ళ టీచర్లకి చూపించడం. నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ నోరు పనికి రావాల్సిన ఒక్క రోజున మూతపడింది. ఆ సంగతే చెబుతున్నాను, నన్ను చూసి జాలిపడమని కాదు.

ఆయన్ని అందరూ పాటల మాస్టారు అనేవాళ్ళు. పాపం, ఆయన పాటలేమీ పాడడు. ఆయన క్లాసు పిల్లలు ఇంగ్లీషు పాఠం చదువుతుంటే పాటలా ఉంటుందని ఆ స్కూలు పెద్ద టీచరమ్మ పెట్టిన పేరు. మూడో తరగతి, ముప్పై రెండు మంది, ఒకటే గొంతు. నేను మొదటిసారి వెళ్ళిన రోజు గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. హమ్మయ్య, ఒక్క క్లాసైనా బాగుపడింది అనుకున్నాను.

ముందు బెంచీలో ముందుపళ్ళు రెండూ ఊడిపోయిన పిల్ల ఒకతి ఉంది. అందరూ బోసిపాప అంటారు. దాన్ని పిలిచి, నా సంచీలోంచి పుస్తకం తీసి, వాళ్ళు అప్పటిదాకా చదువుతున్న కోడి పాఠం తెరిచి చేతిలో పెట్టాను. అది గుక్క తిప్పుకోకుండా గడగడా చదివేసింది. సరిగ్గా చోటు చూసి పేజీ కూడా తిప్పింది. శెభాష్ అనబోతూ వంగి చూశాను. తొందరలో నేను తెరిచింది కోడి పాఠం కాదు. దాని తరవాతి పాఠం, వర్షం గురించి. బొమ్మలో గొడుగులున్నాయి. ఈ పిల్ల నోట్లో మాత్రం కోడి గుడ్లు పెడుతోంది.

మాస్టారి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న ఆఫీసు కాగితం, ట్రైనింగ్ తేదీలు ఇంగ్లీషులో రాసింది, ఆయనకిచ్చి "ఇదొకసారి పైకి చదవండి మాస్టారూ" అన్నాను. ఆయన కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మర్యాదగా తిరిగిచ్చాడు.

"మీరే చదవండి మేడం. మీ గొంతు బాగుంటుంది."

అప్పుడు నవ్వొచ్చింది. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు.

ఆయన కథ తరవాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. అదే స్కూల్లో అటెండరుగా చేరాడు. టీచరు రాని రోజున పిల్లల్ని అల్లరి చేయకుండా కూర్చోబెట్టేవాడు. లెక్కలు బాగా వచ్చు, పిల్లలంటే ప్రాణం. టీచర్లు దొరకని కాలంలో ఆయన్నే క్లాసులో నిలబెట్టారు. ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు, ఏటా వేసవి సెలవుల్లో ఉంటుందా ఊడుతుందా అని ఎదురుచూడటం, ఇలా పంతొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు కూడా నువ్వే చెప్పాలని ఎవరో అన్నారు. సరే అన్నాడు. రాదంటే ఉన్నది పోతుంది.

కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా వీధి చివర ట్యూషన్లు చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళేవాడు. ఆవిడ ఒక్కో పాఠం నాలుగైదుసార్లు చదివితే, ఆయన ప్రతి లైను మీదా సన్నటి పెన్సిలుతో మన అక్షరాల్లో రాసుకునేవాడు. తర్వాత ఇంట్లో కూర్చుని బట్టీ పట్టేవాడు. వాళ్ళావిడ మిషను కుడుతూ అప్పజెప్పించుకునేది. "మా ఇంట్లో మూడో తరగతి పాస్ కాని దాన్ని నేనొక్కదాన్నేనమ్మా, పాఠాలన్నీ నాకూ వచ్చు" అని ఆవిడ నాతో ఒకసారి చెప్పి నవ్వింది. ఎంత కష్టం చూడండి. అందులో పావు వంతు పెడితే చదవడమే వచ్చేది. ఆ మాట ఆయనకి చెప్పేవాళ్ళెవరు? అడిగితే కదా చెప్పడానికి. అడిగితే గుట్టు రట్టు.

ట్రైనింగ్ పది రోజులు. నలభై స్కూళ్ళ నుంచి నలభై మంది టీచర్లు, చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని. చార్టులు, స్కెచ్ పెన్నులు, గుంపులుగా విడిపోయి ఆటలు. పైనుంచి వచ్చిన పుస్తకంలో ఏముంటే అది చేయించాను. ఎవరెవరు వచ్చారు, ఎంతమంది భోంచేశారు, ఎన్ని చార్టులు గీశారు, అన్నిటికీ ఫారాలున్నాయి. టీచరుకి చదవడం వచ్చా అని మాత్రం ఏ ఫారమూ అడగదు. మూడో రోజుకి నాకు అర్థమైంది, ఈ హాల్లో పాటల మాస్టారు ఒక్కడే లేడని. కనీసం పదిహేను మంది పక్కవాళ్ళ కాగితం చూసి రాస్తున్నారు.

నాలుగో రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన చార్టులు చుడుతూ ఉండిపోయాడు. వెనక సామాన్ల గది తాళం తీసి, "రండి మాస్టారూ, కూర్చోండి" అన్నాను. ఆయనకి అర్థమైంది. కుర్చీ అంచు మీద కూర్చుని, "ఎవరితోనూ అనరు కదా మేడం" అన్నాడు. యాభై రెండేళ్ళ మనిషి.

అక్షరం పేరు వేరు, దాని శబ్దం వేరు అనే దగ్గర్నుంచి మొదలుపెట్టాను. శబ్దాలు ఒక్కొక్కటే పలికి కలపడం, కలిపాక మాట వినడం. పిల్లలకి నేర్పినట్టే. చెమటలు కారేవి ఆయనకి. తప్పు చెబితే చెయ్యి చాచేవాడు, నేను బెత్తంతో కొడతానేమో అన్నట్టు, అలవాటుగా. ఆరు సాయంత్రాలు కూర్చున్నాం. ట్రైనింగ్ తొమ్మిదో రోజు పొద్దున్నే వచ్చి నవ్వుతూ చెప్పాడు.

"మేడం, బస్సు తలుపు మీద ఇంగ్లీషులో రాసుంటుంది చూడండి, దిగేవాళ్ళకి ముందు దారివ్వమని. ఇన్నేళ్ళూ అది బస్సు కంపెనీ పేరనుకున్నాను."

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ మర్నాడు మాత్రం ముఖం పీక్కుపోయి వచ్చాడు. రాత్రంతా నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"లెక్కేసుకున్నాను మేడం. ఏడాదికి ముప్పై మంది, పంతొమ్మిదేళ్ళు. దగ్గర దగ్గర ఆరొందల మంది. వాళ్ళలో ఒక్కరికి కూడా నేను చదవడం నేర్పలేదు. పైగా వచ్చని చెప్పి పంపించాను."

మీ తప్పు కాదనబోయి ఊరుకున్నాను. కొంత ఆయనది కూడా.

ట్రైనింగ్ అయిపోయాక ఆయన క్లాసులో పాట ఆగిపోయింది. పుస్తకం పక్కన పెట్టి, రోజుకి రెండు శబ్దాలు, వాటితో కుదిరే నాలుగు మాటలు. ఇంగ్లీషు పిరియడులో నిశ్శబ్దంగా ఉంటోందని పెద్ద టీచరమ్మకి బెంగ పట్టుకుంది. నేను నెలకోసారి వెళ్ళి చూసేదాన్ని. బోసిపాప ఒక మాట మీద నిమిషంసేపు కుస్తీ పట్టి, కలిపి, అర్థమయ్యాక తలెత్తి చూసేది. ఆ చూపు కోసం నేను ఎన్ని బస్సులు మారినా ఫరవాలేదనిపించేది.

అయితే ఏటా జనవరిలో సర్వే ఉంటుంది. పై ఆఫీసునుంచి ఒకే పేజీ అన్ని స్కూళ్ళకీ వస్తుంది. పిల్లలు నిమిషానికి నలభై మాటలు చదివితే పాస్. కాంట్రాక్టు టీచర్ల మరుసటి ఏడాది ఉద్యోగం ఆ లెక్క మీదే. ఆ పేజీ రహస్యమే, కానీ వారం ముందే ప్రతి స్కూల్లోనూ దాని జిరాక్స్ ఉంటుంది. ఎలా వస్తుందో ఎవరూ అడగరు. ఆ వారం అన్ని స్కూళ్ళలోనూ పిల్లలు ఆ ఒక్క పేజీయే వల్లె వేస్తారు. పాటల మాస్టారి క్లాసు ప్రతి ఏడూ ఇందులో మొదటిదే.

ఆ ఏడు పెద్ద టీచరమ్మ జిరాక్స్ తెచ్చి ఆయన బల్ల మీద పెడితే ముట్టుకోలేదట. ఆవిడ నాకు ఫోన్ చేసింది. "మీరైనా చెప్పండి. ఈయన ఉద్యోగం పోగొట్టుకునేట్టున్నాడు" అంది. స్కూలుకి వెళ్ళాను. ఆయన నన్నే అడిగాడు.

"మీరేమంటారు మేడం? వారం రోజులు బట్టీ పట్టిస్తే నా పని అయిపోతుంది. కానీ వీళ్ళకి ఇప్పుడిప్పుడే వస్తోంది. మళ్ళీ ఆ దారి పట్టిస్తే ఇది పోతుంది. మా ఆవిడ మీరెలా అంటే అలా చేయమంది."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ముట్టుకోకండి మాస్టారూ. సర్వేకి వచ్చేది నేనే. మీ పిల్లలకి ఎంత వచ్చో ఆఫీసరుకి నేను చెబుతాను. మీకేం కాదు, నాదీ పూచీ."

ఆయన నమ్మాడు.

సర్వే రోజున ఆఫీసరు కూడా నాతో వచ్చాడు. పొద్దున పక్క స్కూలుకి వెళ్ళాం. అందరూ పాస్, అర నిమిషం కూడా పట్టలేదు. మధ్యాహ్నం పాటల మాస్టారి క్లాసు. ఆఫీసరు వాచీ పట్టుకున్నాడు. ఒకడు ఏడు మాటలు, ఒకతి తొమ్మిది. బోసిపాప పదకొండు. ముక్కుతూ మూలుగుతూ, కానీ ప్రతి మాటా అదే కలుపుకుని చదివింది. నిమిషం అయిపోయాక కూడా వదల్లేదు, పన్నెండోది పట్టుకుని వేలాడుతోంది. ఆఫీసరు కాగితం లాక్కున్నాడు. ముప్పై రెండు మందిలో ఒక్కరూ పాస్ కాలేదు.

వరండాలోకి వచ్చాక నోరు విప్పాను. "సార్, జిల్లా మొత్తంలో నిజంగా చదివింది ఈ పిల్లలే. కావాలంటే ఇంకో పేజీ ఇవ్వండి, వీళ్ళకీ, పొద్దున చూసిన వాళ్ళకీ. తేడా మీకే తెలుస్తుంది."

ఆయనేమీ చెడ్డవాడు కాదు. నిదానంగానే మాట్లాడాడు.

"ఇస్తానమ్మా. అన్ని స్కూళ్ళలోనూ ఇస్తాను. నలభై మందికి నువ్వు ట్రైనింగ్ ఇచ్చావు, ముప్పై తొమ్మిది స్కూళ్ళు పాస్ అని రిపోర్టు వెళుతోంది. కొత్త పేజీ ఇస్తే నలభై పోతాయి. ఒక్క కాంట్రాక్టు టీచరు కాదు, పాతిక మంది ఇంటికెళతారు. నీ పోస్టు కూడా ఉండదు. చెప్పు, ఏం రాయమంటావు?"

వెనక తలుపు దగ్గర పాటల మాస్టారు నిలబడి ఉన్నాడు. మాటలు వినపడ్డాయో లేదో తెలీదు. నా వైపే చూస్తున్నాడు, ఇప్పుడు ఆవిడ చెబుతుంది అన్నట్టు. నాకు మా అమ్మాయి కాలేజీ గుర్తొచ్చింది. ఆ పాతిక మంది గుర్తొచ్చారు, అది కూడా నిజమే, కానీ ముందు గుర్తొచ్చింది మా అమ్మాయే. ఆఫీసరు పెన్ను ఇచ్చాడు. సున్నా దగ్గర సంతకం పెట్టాను.

ఏప్రిల్లో ఆయన కాంట్రాక్టు ఆగిపోయింది. నేను వెళ్ళి ముఖం చూపించలేకపోయాను. ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తి, "ఆయన ఏమీ అనుకోలేదమ్మా" అని మాత్రం అని పెట్టేసింది. ఏమైనా అనుంటే బాగుండేది.

జూన్‌లో ఆ స్థానంలో ఒక కుర్రమ్మాయి వచ్చింది. చురుకైంది. పిల్లలు నాలుగో తరగతికి వచ్చారు, వాళ్ళకీ ఆ అమ్మాయే ఇంగ్లీషు. జనవరి సర్వేకి మళ్ళీ నేనే వెళ్ళాను. ముప్పై రెండు మందీ పాస్. బోసిపాపకి పళ్ళు వచ్చేశాయి. పేజీ మీద చూపు లేకుండా, నా ముఖంలోకి చూస్తూ, నలభై మాటలూ అప్పజెప్పింది. ఆఫీసరు లేడు కదా అని సంచీలోంచి వేరే కథ తీసి ఇచ్చాను. అది అక్షరాల వంక కూడా చూడలేదు. మళ్ళీ ఆ నలభై మాటలే మొదలుపెట్టింది.

"అది కాదమ్మా. పాత మాస్టారు చెప్పినట్టు, కలుపుకుంటూ చదువు."

"అలా చదివితే లేటవుతుంది మేడం. ఫెయిలయిపోతాం. మేం అలా చదవబట్టే మా సార్ ఉద్యోగం పోయింది."

ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పింది ఆ మాట. నేను పాస్ అని రాసుకుని బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే, పార్సిళ్ళ గోడౌన్ ముందు బస్సు కోసం నిలబడితే ఎవరో "మేడం" అని పిలిచారు. పాటల మాస్టారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. డబ్బాల మీద ఇంగ్లీషు చిరునామాలు చదివి వీధుల వారీగా విడదీసే పని అట. "మీ పుణ్యమా అని దొరికింది" అన్నాడు. ఆ మాట ఎత్తిపొడుపు కాదు, అందుకే తట్టుకోలేకపోయాను. తల వంచుకుని నిలబడ్డాను. ఆయనే అడిగాడు.

"సర్వే ఇవాళే కదా మేడం? మన పిల్లలు ఎలా చదివారు? ఆ బోసిపాప?"

చెప్పాల్సింది నా గొంతు దాకా వచ్చింది.

"అందరూ పాస్ మాస్టారూ. బోసిపాప నలభై చదివింది."

ఆయన చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"పదకొండు నుంచి నలభైకి వచ్చిందా. పోన్లెండి మేడం. నా ఉద్యోగం పోతే పోయింది, పిల్లలకి చదవడం వచ్చింది."

అవును మాస్టారూ, వచ్చింది అన్నాను.